హైడ్రోజన్ పరిశోధన: నిపుణులంతా ఒకే గొడుగు కిందికి రావాలా, ఎవరి బెంచీ వారిదేనా?

పొరలవాడు:
ఫ్యూయెల్ సెల్ (హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు పుట్టించే సాధనం) పొరల మీద పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ మధ్య ఏ సదస్సుకు వెళ్ళినా ఒకటే పాట. నిపుణులంతా చేతులు కలపాలి, పెద్ద కన్సార్టియం, అంటే పలు సంస్థల కూటమి, కట్టాలి, అప్పుడే హైడ్రోజన్ గట్టెక్కుతుంది అని. నాకైతే నమ్మకం లేదు. మూడు ఉమ్మడి ప్రాజెక్టుల్లో ఉన్నాను. వారానికి రెండు ఆన్‌లైన్ మీటింగులు, మూడు నెలలకో రిపోర్టు, ఏడాదికో గ్రూప్ ఫొటో. అసలు పని జరిగింది మాత్రం రాత్రి పదింటికి టెస్ట్ బెంచ్ ముందు ఒక్కడినే కూర్చున్నప్పుడు.

చరిత్ర చూడండి. 1839లో షోన్‌బైన్, గ్రోవ్ ఒక నెల తేడాలో ఫ్యూయెల్ సెల్‌కు బీజమైన తమ ప్రయోగాల సంగతి అచ్చువేశారు. ఇద్దరూ స్నేహితులు, ఉత్తరాలు రాసుకునేవారు, అంతే. గ్రోవ్ అయితే వృత్తికి లాయరు, తర్వాత జడ్జి అయ్యాడు. ఫ్రాన్సిస్ బేకన్ 1932లో మొదలుపెట్టి కొద్దిమందితోనే 1959లో 5 కిలోవాట్ల సెల్ నడిపి చూపించాడు. ఈ రోజుకీ మేమంతా వాడే నాఫియాన్ పొర డ్యూపాంట్ రసాయనాల కంపెనీలో వాల్టర్ గ్రాట్ చేతి చలవ. వీటిలో ఏ ఒక్కటీ కన్సార్టియం బిడ్డ కాదు. ఆ డబ్బేదో చిన్న బృందాలకు పంచి, పోటీ పడనివ్వండి అంటాను. కాదంటారా?

ఉత్ప్రేరకం:
కాదనే అంటాను పొరలవాడు గారూ. మీ ఉదాహరణలే తీసుకుందాం. గ్రోవ్ 1842లో తన గ్యాస్ బ్యాటరీ చూపించాడు. బేకన్ సెల్ 1959. మధ్యలో 117 ఏళ్ళు! అదే బేకన్ పేటెంట్లు అమెరికా ఇంజిన్ల కంపెనీ ప్రాట్ అండ్ విట్నీ చేతికి వచ్చి, వెనక పెద్ద ఇంజినీర్ల దండు నిలబడ్డాక పదేళ్ళు తిరక్కుండానే ఆ సెల్లు అపోలోలో చంద్రుడి దాకా వెళ్ళాయి. వ్యోమగాములకు కరెంటుతో పాటు తాగే నీళ్ళు కూడా అవే ఇచ్చాయి. ఒంటరి మేధావి కథ వినడానికి బాగుంటుంది గానీ, అది సగం కథే.

ఇంకో సంగతి. 1960లలో నాసా జెమిని అంతరిక్ష నౌకల కోసం జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు పాలీస్టైరీన్ పొరతో సెల్ చేశారు. ఆ పొర త్వరగా పాడైపోయేది. దాన్ని మించిన ఆ నాఫియాన్ పొర ఫ్లోరిన్ పాలిమర్లతో పనిచేసే వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. అంటే బ్యాటరీ వాళ్ళ సమస్యకు జవాబు ప్లాస్టిక్ వాళ్ళ అలమారాలో ఉంది. ఒకే గదిలో ఉంటే ఇంకెన్నాళ్ళ ముందు దొరికేదో.

నా సొంత పనిలోనూ ఇదే. నేను ప్లాటినం ఉత్ప్రేరకాలు చేస్తాను. తిరిగే డిస్క్ మీద పలుచటి పూత వేసి, పలుచని ఆమ్లంలో ముంచి, 0.9 వోల్టుల దగ్గర కొలిస్తే నా పదార్థం బ్రహ్మాండంగా ఉంటుంది. అదే పొడిని నిజమైన సెల్‌లో పెడితే చతికిలపడుతుంది. అక్కడ చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియరో రెండో లాగాలి, ఆక్సిజన్ లోపలిదాకా చేరాలి, పుట్టిన నీరు దారి మూసేయకుండా బయటికి పోవాలి. ఈ మూడూ నా చేతిలో లేవు. ఒకటి మీలాంటి పొరలవాళ్ళది, ఒకటి సెల్‌లో గ్యాస్‌ను పంచే కార్బన్ కాగితం చేసేవాళ్ళది, ఒకటి ప్రవాహాల లెక్కలు వేసేవాళ్ళది. డిస్క్ మీద రికార్డులు కొట్టిన ఉత్ప్రేరకాల్లో చాలావాటి పేరు సెల్ దాకా రానేలేదంటే కారణం ఇదే.

లెక్కల మాస్టారు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కలిసి చేయాలా విడిగా చేయాలా అని కొట్టుకుంటున్నారు, అసలు చేయాలా అని ఎవరూ అడగరేం? కిలో హైడ్రోజన్ నీళ్ళ నుంచి తీయడానికి 50 యూనిట్ల పైనే కరెంటు కావాలి. ఆ కిలోలో ఉండేది 33 యూనిట్లు. ఫ్యూయెల్ సెల్ తిరిగి ఇచ్చేది దాంట్లో సగం, మహా అయితే కొంచెం ఎక్కువ. నొక్కడానికి, చల్లార్చడానికి అయ్యే ఖర్చు వేరే. మూడు రూపాయలు పెట్టి ఒక రూపాయి తెచ్చుకునే బేరానికి ఇంతమంది నిపుణులా?

ప్లాంటు మనిషి:
మాస్టారూ, మీ లెక్క తప్పని అనను. బ్యాటరీతో నడిచే బండికి హైడ్రోజన్ ఎందుకన్నది సబబైన ప్రశ్నే. కానీ ప్రపంచం ఇప్పటికే ఏడాదికి 9 కోట్ల టన్నులకు పైగా హైడ్రోజన్ వాడుతోంది, ఎరువులకు, రిఫైనరీలకు. అది దాదాపు మొత్తం గ్యాస్ నుంచి, బొగ్గు నుంచి వచ్చేదే. అమ్మోనియా కావాలంటే హైడ్రోజన్ కావాల్సిందే, బ్యాటరీతో అమ్మోనియా రాదు. కాబట్టి "అసలు చేయాలా" అన్నది వేరే చర్చగా పెట్టుకుందాం.

కొలతబద్ద:
ఈ చర్చలో నా గోడు వేరు. కలిసి కనిపెట్టకపోయినా ఫరవాలేదు, కలిసి కొలవండి చాలు.

1998లో ఒక బృందం కార్బన్ నానోఫైబర్లు గది ఉష్ణోగ్రతలోనే తమ బరువును మించి హైడ్రోజన్‌ను పట్టి ఉంచుతాయని రాసింది. ఒక్కసారి ఊహించుకోండి. 700 బార్ల (గాలి పీడనానికి దాదాపు 700 రెట్లు) ట్యాంకు అక్కర్లేదు, మైనస్ 253 డిగ్రీల ద్రవం అక్కర్లేదు, నల్లటి పొడి సంచీ చాలు! ప్రపంచంలో సగం ల్యాబులు దాని వెనక పడ్డాయి. ఎవరికీ రాలేదు. తర్వాతి ఏడాది లిథియం కలిపిన నానోట్యూబులు 20 శాతం పట్టాయన్నారు. ఇంకొకరు అదే ప్రయోగాన్ని తేమ లేని గ్యాస్‌తో చేసి చూస్తే, పెరిగిన బరువులో ఎక్కువ భాగం హైడ్రోజన్‌ది కాదు, గ్యాస్‌లో ఉన్న తేమది అని తేలింది. చివరికి గది ఉష్ణోగ్రతలో కార్బన్ పట్టేది ఒక శాతం లోపే అని స్థిరపడింది.

ఇక్కడ ఎవరూ మోసం చేశారని నేను అనడం లేదు. ఈ కొలత అంత దొంగది. వంద మిల్లీగ్రాముల నమూనా, పెద్ద పీడనం. వాల్వు దగ్గర సూది మొనంత లీకున్నా, గది ఏసీ ఆగి రెండు డిగ్రీలు మారినా, ఖాళీ జాగా పరిమాణం లెక్కలో చిన్న పొరపాటు జరిగినా ఆ తేడా మొత్తం "నిల్వైన హైడ్రోజన్"గా కనిపిస్తుంది. అందుకే ఒకే డబ్బాలోని పొడిని పలు ల్యాబులకు పంచి కొలిపించే పద్ధతి వచ్చింది. అలా చేసినప్పుడు కూడా ఫలితాలు బాగా చెదిరిపోయాయి! కనీసం ఎంత చెదురుతాయో తెలిసింది. పోటీలో ఇది ఎప్పటికీ తెలియదు. పోటీలో ఎవరి తక్కెడ వారిది.

పొరలవాడు:
కొలతబద్ద గారూ, మీ మాట కాగితం మీద బాగుంటుంది. మాకు జరిగింది చెప్తాను. ఉమ్మడి ప్రాజెక్టులో ఒకే రోల్ నుంచి కోసిన పొర, ఒకే ఉత్ప్రేరకం, నలభై పేజీల ప్రోటోకాల్. మా దగ్గర 0.6 వోల్టుల వద్ద వచ్చిన కరెంటు అవతలి ల్యాబులో రావడం లేదు. ఐదు నెలలు ఈమెయిళ్ళు. మీ గ్యాస్ తేమ చూసుకోండి అని మేము, మీ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) చూసుకోండి అని వాళ్ళు. ఇంచుమించు పోట్లాటే.

చివరికి వాళ్ళ విద్యార్థి ఒకమ్మాయి మా దగ్గరికి వచ్చింది. నేను సెల్ కట్టడం పక్కన నిలబడి చూసింది. నేను గాస్కెట్, అదే అంచుల్లో గ్యాస్ కారకుండా వేసే పట్టీ, పరిచాను. ఆ అమ్మాయి దాన్ని వేళ్ళతో పట్టుకుని, "సర్, మాది ఇంతకన్నా మందంగా ఉంటుంది" అంది. కొలిస్తే ముప్పై మైక్రాన్లు తేడా! గాస్కెట్ మందమైతే కార్బన్ కాగితం సరిగా నొక్కుకోదు, నొక్కుకోకపోతే నిరోధం పెరుగుతుంది. పైగా నేను బోల్టులు ఎదురెదురుగా బిగిస్తాను, వాళ్ళు గుండ్రంగా వరసగా బిగిస్తారు. నలభై పేజీల్లో ఈ రెండు ముక్కలూ లేవు. ఇదీ మీ ఉమ్మడి కొలత.

చదువరి:
నేను పీహెచ్‌డీ రెండో ఏడు. చిన్నదాన్ని, తప్పుగా అనుకోవద్దు సార్. మీరు చెప్పిన కథ మీ వాదననే కొడుతోంది కదా? ఆ అమ్మాయి రాకపోతే ముప్పై మైక్రాన్ల సంగతి ఎవరికి తెలిసేది? రెండు ల్యాబులూ రెండు పేపర్లు వేసుకుని, చదివేవాళ్ళు మాత్రం పొర మంచిది కాదేమో అనుకునేవాళ్ళు.

ఉత్ప్రేరకం:
భలే పట్టుకున్నావమ్మా.

ప్లాంటు మనిషి:
బోల్టుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 2019 జూన్‌లో నార్వేలో, ఓస్లో దగ్గర్లో ఒక హైడ్రోజన్ స్టేషన్ పేలింది. రహస్యమైన రసాయనమేమీ కాదు. అధిక పీడన ట్యాంకు ప్లగ్గులో లోపలి బోల్టులు చాలినంతగా బిగించలేదు, సీల్ జరిగి గ్యాస్ బయటికి వచ్చింది. కొన్ని వారాల్లోనే కారణం బయటపెట్టారు, బిగింపు పద్ధతి మార్చారు. అది దాచి ఉంటే ఇంకో దేశంలో ఇంకో మెకానిక్ అదే బోల్టును అలాగే వదిలేసేవాడు. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది, మంట పగటి వెలుగులో సరిగా కనబడదు కూడా. ఈ విషయంలో నా రహస్యం, నీ రహస్యం అంటే కుదరదు.

స్వచ్ఛత ప్రమాణమూ అంతే. వాహనాల హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.2 పీపీఎం (పది లక్షల్లో 0.2 వంతు) దాటకూడదు, గంధకం 0.004 పీపీఎం దాటకూడదు. ఇవి ఒక్కరు కూర్చుని తేల్చిన అంకెలు కావు. ఉత్ప్రేరకం వాళ్ళు "ఇంతకు మించితే మా ప్లాటినం చస్తుంది" అంటే, గ్యాస్ అమ్మేవాళ్ళు "అంత శుభ్రం చేస్తే మేం చస్తాం" అంటారు. పరీక్షించేవాళ్ళు అంత సూక్ష్మంగా కొలవడమే కష్టమంటారు. ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చోవాల్సిందే.

పొరలవాడు:
సరే, భద్రత, ప్రమాణాల దగ్గర ఒప్పుకుంటున్నాను. అమ్మాయి మాటా ఒప్పుకుంటున్నాను, కాకపోతే ఒక సవరణ. పని చేసింది నలభై పేజీల కాగితం కాదు, ఒక మనిషి వచ్చి పక్కన నిలబడటం. ఆ ప్రయాణ ఖర్చుకు బడ్జెట్‌లో పద్దే లేదు, తెలుసా? మీటింగులకు ఉంది.

ఇక కంపెనీలతో కలిసి పనిచేయడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మాకు పొర పంపుతారు, దాని మీద "ఎం-3" అని రాసి ఉంటుంది. అందులో ఏముందో చెప్పరు. అది 400 గంటలకు చచ్చిపోతే ఎందుకు చచ్చిందో వెతకాలి, లోపల ఏముందో అడగకూడదు! కళ్ళకు గంతలు కట్టి వైద్యం చేయమన్నట్టు. దీన్ని సహకారం అంటారా?

కొలతబద్ద:
అనరు. అయినా అందరూ అలా లేరు. 2015 జనవరిలో టయోటా ఫ్యూయెల్ సెల్ పేటెంట్లు 5,680 దాకా రాయల్టీ లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. పుణ్యానికి కాదు లెండి. ఒక్క కంపెనీ కార్లు చేస్తే స్టేషన్లు ఎవరు కడతారు? మార్కెట్టే లేనిచోట రహస్యం దాచుకుని ఏం లాభం అన్న లెక్క. అయితే పేటెంటు వేరు, చేతిపని వేరు. ఉత్ప్రేరకం పూసే సిరా ఎన్ని గంటలు కలపాలి, పూత ఎంత వేడిలో ఆరబెట్టాలి వంటివి పేటెంటులో ఉండవు. పొరలవాడు గారి గాస్కెట్‌లాగే.

చదువరి:
నా సమస్య కూడా చెప్పనా? నిరుడు నా సెల్లు మూడు వరసగా 300 గంటల దగ్గర చచ్చిపోయాయి. బయటికొచ్చే నీళ్ళు సీసాలో పట్టి ఫ్లోరైడ్ కొలిస్తే రోజురోజుకూ పెరుగుతోంది, అంటే ఫ్లోరిన్ ఉన్న పొర కరిగిపోతోంది. మా గైడ్ "ఇది పేపర్‌లో పెట్టకు, రివ్యూయర్లు పీకుతారు" అన్నారు. ఆర్నెల్ల తర్వాత ఒక సదస్సులో టీ తాగుతూ ఇంకో ల్యాబ్ అబ్బాయితో మాటల్లో పడితే, వాళ్ళకూ సరిగ్గా ఇదే జరిగిందట. వాళ్ళూ రాయలేదు. ఇద్దరం ఆర్నెల్లు ఒకే గోడకు తల కొట్టుకున్నాం.

నలభైమంది పేర్లున్న పేపర్‌లో ఇరవై మూడో పేరు నాది. దాని వల్ల ఉద్యోగం రాదని నాకూ తెలుసు. కాబట్టి పెద్ద కన్సార్టియం మీద నాకూ మోజు లేదు. కానీ చచ్చిన సెల్లుల సంగతి రాసుకునే చోటు ఒకటి ఉంటే బాగుండును. స్టేషన్ల ప్రమాదాలకు అలాంటి జాబితాలు ఉన్నాయి. సెల్లులకు ఎందుకు ఉండకూడదు?

లెక్కల మాస్టారు:
ఈ అమ్మాయి అడిగినదానికి మాత్రం నేను చందా ఇస్తాను. పనికిరాని దారులేవో ముందే తెలిస్తే నా పన్ను డబ్బు మిగులుతుంది.

ఉత్ప్రేరకం:
ఇరిడియం విషయంలో ఇది ఇంకా తొందర. నీటిని విడగొట్టే పెమ్ (పొరతో పనిచేసే) యంత్రాలకు ఇరిడియం అనే అరుదైన లోహం కావాలి, అది ప్రపంచం మొత్తం మీద ఏడాదికి పది టన్నుల లోపే వస్తుంది. దాన్ని తగ్గించడానికి ఎన్ని ల్యాబులు ఏయే ఆక్సైడ్లు ప్రయత్నించి వదిలేశాయో ఎవరికీ తెలియదు. నేనే పదకొండు వదిలేశాను. ఒక్కటీ అచ్చులో లేదు. సిగ్గుపడాల్సిన మాటే.

పొరలవాడు:
నేను మొదట రాసిన మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. కొత్త ఆలోచన కమిటీలో పుట్టదు, అక్కడ నా పట్టు నాదే. డబ్బు చిన్న బృందాలకే ఇవ్వండి. కాకపోతే ఒక షరతు పెట్టండి: చచ్చిన సెల్లుల లెక్క అప్పజెప్పాలి, ఏడాదికి ఒక నెల ఇంకొకరి బెంచీ దగ్గర పనిచేయాలి. దాన్ని కన్సార్టియం అంటారో ఇంకేమంటారో మీ ఇష్టం.

చదువరీ, గ్యాస్‌కు తేమ పట్టించే నీ హ్యూమిడిఫైయర్ నుంచి సెల్ దాకా వెళ్ళే గొట్టం ఏ లోహం?

చదువరి:
స్టీలు సార్. అర మీటరు ఉంటుంది. 80 డిగ్రీల తడి గ్యాస్ దాంట్లోంచే వెళ్తుంది.

పొరలవాడు:
లోపల తుప్పు పట్టిందేమో విప్పి చూడు. ఇనుము రవ్వంత పొరలోకి చేరినా చాలు, సెల్‌లో పుట్టే పెరాక్సైడ్‌తో కలిసి పొరను కొరికేస్తుంది. నాకు 2016లో ఇదే అయింది. నేనూ ఎక్కడా రాయలేదు.

చదువరి:
ఇప్పుడే విప్పాను సార్. దూది పుల్ల లోపల తిప్పితే ఎర్రగా వచ్చింది. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తున్నా, వాళ్ళ గొట్టం కూడా విప్పమని.