అప్‌డేట్: బోటు ఇంజన్ వేడెక్కడం ఆగింది

జువ్వలదిన్నె నుంచి వేటకెళ్లే మా బోటు డీజిల్ ఇంజన్, రేస్ పెంచితే చాలు వేడెక్కిపోతోందని అడిగాను కదా. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని చల్లబరిచే నీటిని వదిలే వాల్వు) మార్చమన్నారు కొందరు. దాన్ని మరిగే నీళ్లలో వేసి చూశాం, శుభ్రంగా తెరుచుకుంది. అసలు దొంగ ఉప్పునీటి పంపులో దొరికాడు: లోపల తిరుగుతూ నీటిని తోసే చక్రం, అంటే ఇంపెల్లర్‌కి రెండు రబ్బరు రెక్కలు లేవు. అవెక్కడికి పోతాయి? ఉప్పునీటితో ఇంజన్ నీటిని చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూత విప్పితే గొట్టాల మూతి దగ్గర అడ్డంపడి ఉన్నాయి, చుట్టూ తెల్లటి పెచ్చు. ముక్కలు ఏరేసి, సన్నటి చెక్కపుల్లతో పొడిచి (ఇనుప చువ్వ వద్దు, గొట్టాలు గీసుకుపోతాయి), నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, మంచినీళ్లతో కడిగాం. మిగతా లోహానికి బదులు తాను కరిగి దాన్ని తుప్పు నుంచి కాపాడే జింక్ కడ్డీ సగానికి పైగా కరిగిపోయింది, అదీ మార్చాం. పాత ఓరింగులు (నీరు కారకుండా వేసే రబ్బరు రింగులు) మళ్లీ వాడొద్దన్న అన్నకు థ్యాంక్స్, చుక్క కారలేదు. ఇప్పుడు ఫుల్ లోడులో కూడా వేడి చూపే మీటరు ముల్లు ఎరుపు దరిదాపులకు పోవట్లేదు. స్పేర్ ఇంపెల్లర్ ఒకటి బోటులోనే పెట్టాం.