మొదటిసారి వ్యాయామం మొదలెట్టేవాళ్ళకి ట్రెడ్‌మిల్ అవసరమా, దండగ ఖర్చా?

మియాపూర్_మధు
నమస్తే అందరికీ. నాకు 43, పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలోనే ఉద్యోగం. మొన్న చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) 6.1 వచ్చింది, అంటే షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. డాక్టర్ మందులేం రాయలేదు, రోజూ నడువు, బరువు తగ్గు అన్నాడు అంతే. మా అపార్ట్‌మెంట్ ముందు ఫుట్‌పాత్ లేదు, ఉన్న కాస్త చోట బండ్లు పెట్టేస్తారు, నాకేమో రాత్రి పదకొండు దాకా కాల్స్. అందుకని 30 వేల లోపు ట్రెడ్‌మిల్ తీసుకుందామని చూస్తున్నా. మా ఆవిడ ససేమిరా అంటోంది, బావమరిదేమో ఇంట్లోనే తొక్కే ఎక్సర్‌సైజ్ సైకిల్ కొను బావా చోటు కలిసొస్తుంది అంటున్నాడు. అసలు వ్యాయామం అలవాటే లేని నాలాంటోడు మెషీన్‌తో మొదలెట్టడం కరెక్టేనా?

ఓరుగల్లు_పోరడు
అన్నా, కొనకు. ఇన్నొద్దులు పది నిమిషాలు నడవనోనివి, ఇంట్లకు మెషీన్ రాంగనే నడుస్తవా? పాత సామాన్లు అమ్మే యాప్ తెరిచి ట్రెడ్‌మిల్ అని కొట్టి చూడు, "కొత్తదాని లెక్కనే ఉన్నది, ఎక్కువ వాడలే, జాగ లేక అమ్ముతున్నం" అని ఎన్నొస్తయో. ముందుగాల మీ సెల్లార్ల ఒక నెల నడు, ఆగకుంట నడిచినవనుకో అప్పుడు కొను, ఎవరొద్దంటరు. వదిన చెప్పిందే కరెక్టు. ఇంకో ముచ్చట, పట్టా దానంతటదే ఎనకకు పోతుంటే మనం కాళ్ళు లేపి పెట్టుడే గదా, అది నడకెట్లయితది?

బెజవాడ_సుధ
పోరడు గారూ, బయటికెళ్ళి నడవచ్చుగా అనేది ఎప్పుడూ మగవాళ్ళే అండి, గమనించారా? పొద్దున ఐదున్నరకి లేస్తే ఇడ్లీ పొయ్యి మీద పెట్టి పిల్లల క్యారేజీలు కట్టి వాళ్ళని బస్సెక్కించేసరికి ఎనిమిది, మే నెలలో మా బెజవాడలో ఆ టైముకి ఎండ ఎలా ఉంటుందో తెలుసుగా. రాత్రి పూట వెళ్దామంటే వీధి చివర కుక్కల గుంపు. ట్రెడ్‌మిల్ వచ్చాక భోజనం అవగానే గిన్నెలు సింక్‌లో పడేసి ఓ పావుగంట గంటకి 3.5 కిలోమీటర్ల స్పీడ్ మీద నడుస్తున్నా, చెమట కూడా పట్టదు, నైటీలోనే కానిచ్చేస్తా, ఎవరు చూడొచ్చారు. తిన్నాక కాసేపు నడిస్తే షుగర్ ఒక్కసారిగా పైకెగరదని డాక్టర్లే చెప్తారు, మధు గారి బాధ కూడా అదేగా. కాబట్టి మీరు కొనండి. మీ ఆవిడ వద్దంటున్నది డబ్బులకా, చోటుకా, లేక మిమ్మల్ని బాగా ఎరిగుండటం వల్లా, అది మాత్రం ముందు కనుక్కోండి 😄

ఓరుగల్లు_పోరడు
అక్కా, నీకు పనికొచ్చిందంటే ఒప్పుకుంట. కానీ అడిగింది మధన్న. ఆయనకు ఇడ్లీ పొయ్యి లేదు, క్యారేజీలు లేవు, తొమ్మిదో పదో అంతస్తుల ఉండి లిఫ్ట్ దిగుడు బద్దకం, గంతే. బద్దకానికి 30 వేలు పెడితే పోతదా?

సర్వీస్_బాషా_గుంటూరు
నేను ఈ మెషీన్లు బాగుచేసి బతుకుతున్నోణ్ణి, కొనమని గానీ వద్దని గానీ చెప్పను, కొనేటోళ్ళకి రెండు ముక్కలు చెప్తా. 30 వేల లోపు డబ్బాల మీద 4 హెచ్‌పీ అని పెద్దక్షరాలతో వేస్తారు, పక్కనే చిన్నగా పీక్ అని ఉంటది, అది మోటార్ కాసేపు అందుకునే బలం, రోజూ ఆగకుండా లాగే బలం అందులో సగమే అనుకోండి, కంటిన్యువస్ ఎంత అని గట్టిగా అడగండి. మీ బరువు 90 అయితే 90 కేజీల మెషీన్ కొనకండి, ఇరవై కేజీలు పైనున్నదే చూస్కోండి. పట్టా వెడల్పు 40 సెంటీమీటర్ల కంటే తక్కువైతే కాళ్ళు కడ్డీల మీదకెళ్తయ్. 16 ఆంప్స్ ప్లగ్గులోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సులొద్దు, బోర్డు కాలిపోయిన కేసులు సగం అవే.

అసలు సంగతి ఆయిల్. పట్టా అంచు పైకెత్తి కింద చెక్క మీద చెయ్యి పెట్టి చూడండి, వేళ్ళకి జిడ్డు తగలాలి, పొడిగా గరుకుగా ఉంటే సిలికాన్ ఆయిల్ కొంచెం మధ్యలో పోసి పట్టా మెల్లగా తిప్పాలి. ఇది చెయ్యకే మోటార్ మీద లోడ్ పడి బోర్డులు పోతయ్. ఒకాయన కొబ్బరి నూనె పోశాడండీ, ఇల్లంతా గుడి వాసన, పట్టా జారి మెషీన్ మూలనబడింది. కుట్టుమిషన్ నూనె కూడా పొయ్యొద్దు. పట్టా ఎడమకి జరుగుతుంటే వెనక ఎడమ పక్క బోల్టు ఎల్-కీతో పావు చుట్టు కుడివైపుకి తిప్పి రెండు నిమిషాలు చూడండి, ఒకేసారి మొత్తం బిగించొద్దు. దీనిక్కూడా ఫోన్ చేసి విజిటింగ్ చార్జీ ఇచ్చేవాళ్ళున్నారు, నాకేం నష్టం లేదనుకోండి.

కర్నూలు_ఫిజియో
పోరడు తమ్ముడడిగిన పట్టా సంగతి చెప్తా. మామూలు నడక స్పీడులో బయటికీ ట్రెడ్‌మిల్‌కీ శ్రమలో పెద్ద తేడా ఏం ఉండదప్పా. బయట గాలి అడ్డం పడుతుంది గాబట్టి ట్రెడ్‌మిల్‌ని 1 శాతం ఎత్తులో, అంటే ముందువైపు కాస్త పైకి లేపి, పెట్టాలనే మాట 1996 లో వచ్చిన ఒక పరిశోధన నుంచి వచ్చింది, అది గంటకి పదిన్నర కిలోమీటర్లు ఆపైన పరిగెత్తేవాళ్ళ సంగతి. మధు గారు నడిచేది నాలుగైదు కిలోమీటర్ల స్పీడు. నడక కాకుండా పోయేది ఎప్పుడంటే ముందున్న కడ్డీలు గట్టిగా పట్టుకుని వేలాడినప్పుడు, సగం బరువు చేతుల మీదే ఉంటుంది, స్క్రీన్ మాత్రం కెలోరీలు లెక్కపెడుతూనే ఉంటుంది. ఆ కెలోరీలు చూసుకుని రెండో ప్లేటు బిర్యానీ పెట్టించుకోవద్దు, అవి అంచనా అంకెలు.

ఇంకొకటి, స్పీడు పెంచితేనే ఎక్సర్‌సైజ్ అనుకుంటారు అందరూ. ఆసుపత్రిలో టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే పరీక్ష, చేసేటప్పుడు చూడండి, మొదటి మూడు నిమిషాలు గంటకి 2.7 కిలోమీటర్లే, మన ముసలోళ్ళ నడక అది, కానీ ఎత్తు 10 శాతం పెడతారు, గుండె వేగం అప్పుడే పెరగడం మొదలవుతుంది. మోకాళ్ళు నొప్పి లేనివాళ్ళు పరిగెత్తే బదులు ఎత్తు పెట్టుకుని నిదానంగా నడిస్తే చాలు. తక్కువ ధర మెషీన్లలో ఆ ఎత్తు బటన్‌తో మారదు, దిగి వెనక పిన్ను మార్చల్ల, కొనేముందు అది చూసుకోండి. మొదట్లో పది నిమిషాలు చాలు, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనట్టుండాలి, అదే సరైన వేగం. ఛాతీలో పట్టేసినట్టుంటే గానీ ఆయాసం తేడాగా ఉంటే గానీ దిగేసి డాక్టర్ దగ్గరికి పోవల్ల.

సైకిల్ సంగతి: మోకాళ్ళు అరిగినవాళ్ళకీ బాగా బరువున్నవాళ్ళకీ అదే నయం. సీటు మాత్రం కిందకి పెట్టుకుని తొక్కుతారు, పెడల్ అడుక్కి పోయినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి, అంతకన్నా వంగితే ఉన్న నొప్పి ఎక్కువైతుంది.

ఓరుగల్లు_పోరడు
సరే డాక్టరమ్మా, పట్టా ముచ్చట ఒప్పుకున్న. కానీ మరి కండలకేం చేస్తడు? నడకొక్కటే చాల్తదా?

కర్నూలు_ఫిజియో
చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ, దాంతోపాటు రెండు రోజులైనా కండరాలకి పని. రెండోదాని గురించి మెషీన్ అమ్మేవాళ్ళు ఎందుకు చెప్తారు? కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి పుషప్పులు, పైసా ఖర్చు లేదు. తిన్న చక్కెరలో పెద్ద వాటా తీసుకునేది కండలే, షుగర్ అంచున ఉన్న మనిషికి ఇది వదిలేసే విషయం కాదు.

మంచుదేశం_మూర్తి
మాది అమెరికాలో మినియాపొలిస్. జనవరిలో ఇక్కడ మైనస్ 20 కూడా పడుతుంది, సెల్లార్లో నడు అనే సలహా ఇక్కడ చెప్తే నవ్వుతారు. బేస్‌మెంట్లో ట్రెడ్‌మిల్ లేని తెలుగు ఇల్లు మా చుట్టుపక్కల తక్కువ, వాడని ఇళ్ళు కూడా ఉన్నాయి, అది నిజమే. నేను చూసిందేంటంటే టీవీ ఎదురుగా పెట్టినవాళ్ళు వాడుతున్నారు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన చీకటి మూల పెట్టినవాళ్ళు దాని మీద దుప్పట్లు మడతపెడుతున్నారు. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు సీరియల్ చూస్తూ ఎక్కేది, ప్రకటనలొచ్చినప్పుడు పట్టా తిరుగుతుండగానే దిగబోయేది! ఎర్ర తాడు క్లిప్పు చీరకి తగిలించి ఉండబట్టి లాగగానే ఆగిపోయింది. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆ క్లిప్పు లేకుండా ఎక్కనివ్వకండి.

బెజవాడ_సుధ
పెద్దవాళ్ళకే కాదండీ, చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకా భయం. వెనక రోలర్ దగ్గర పట్టా లోపలికి పోయే చోట వేళ్ళు పెడితే చర్మం ఒలిచేస్తుంది. నేను దిగగానే ఆ ఎర్ర తాడున్న కీ తీసేసి పోపుల డబ్బా పక్కన పెడతా, ప్లగ్గు కూడా పీకేస్తా.

మియాపూర్_మధు
అందరికీ థాంక్స్. మా చిన్నదానికి నాలుగేళ్ళు, కీ సంగతి నాకసలు తట్టలేదు. మా ఆవిడకి ఈ త్రెడ్ చూపించా, సుధ గారి ప్రశ్నకి జవాబు మూడోదట. ఇద్దరం మాట్లాడుకుని కొనకుండా మూడు నెలలు అద్దెకి తీసుకుందాం అనుకున్నాం, హైదరాబాద్‌లో నెలవారీ అద్దెకిచ్చేవాళ్ళు బాగానే ఉన్నారు. హాల్లో టీవీ ఎదురుగానే పెడతా, కాల్స్‌లో నేను మాట్లాడక్కర్లేనివి దాని మీదే వింటా. సోఫా ఒకటి బెడ్రూంలోకి జరపాలి, ఆ గొడవ ఇంకా తేలలేదు.

ఓరుగల్లు_పోరడు
అద్దెకంటే సరే. కానీ మూడు నెల్ల అద్దె, డిపాజిట్, తెచ్చుడు తీస్కపోవుడు ఖర్చు కలిపి లెక్కేసినవా అన్నా? పాతది మంచిది చూసి కొంటే దగ్గరదగ్గర గంతే అయితది, వద్దనుకుంటే మళ్ళ అమ్ముకోవచ్చు.

సర్వీస్_బాషా_గుంటూరు
పాతది కొనేటట్టయితే మోటార్ మూత తీయించి చూడండి, లోపల దుమ్ము గడ్డకట్టి ఉంటే మీటర్లో కిలోమీటర్లు ఎన్నున్నా నమ్మొద్దు. మీరు ఎక్కి నడిచి చూడండి, ఖాళీగా తిప్పి చూపిస్తే ఏదైనా బాగానే తిరుగుద్ది, మనిషి అడుగు పడ్డప్పుడు పట్టా ఆగి ఆగి పోతుంటే వదిలేయండి. అద్దెదైనా సరే ఆయిల్ ఎప్పుడేశారో అడగండి. ఇంకా, లిఫ్ట్ తలుపు వెడల్పు కొలవండి మధు గారూ, తొమ్మిదో అంతస్తు దాకా మెట్ల మీద మోయాలంటే కూలీ వేరే అడుగుతారు.