దింపుడు కళ్లం దగ్గర ‘మహారాజా’ అని పిలవడం తప్పా?

డిండి గట్టు:
పోయిన ఆదివారం మా అచ్చంపేట వైపు పద్యనాటక నటుడు ఒకాయన కాలం చేశారు. నలభై ఏళ్లు శివరాత్రి జాగారానికి హరిశ్చంద్రుడి వేషం కట్టిన మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు, ‘హరిశ్చంద్రుడి ఇల్లు’ అంటే చిన్నపిల్లలైనా చూపిస్తారు.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. కొడుకు చెవిలో మూడుసార్లు ‘నాయనా’ అని పిలిచాడు. ఆ తర్వాత, ఆయన పక్కన నక్షత్రకుడి వేషం వేసే మనిషి వంగి, ‘మహారాజా, తెర లేచింది, రండి’ అన్నాడు. కాట్లో హార్మోనియం పెట్టి రెండు పద్యాలు ఎత్తుకోబోతే కొడుకు పెట్టె మూసేశాడు. ‘ఇది నాటకం కాదు, పోండి’ అన్నాడు. నటుడికి పద్యం కంటే పెద్ద కర్మ ఏముంటుంది? కొడుకుదే తప్పని నా అభిప్రాయం.

పెట్టె మాస్టారు:
ముందు ఒక సవరణ. కాటి సీనులో నక్షత్రకుడికి పని లేదు. కాశీలో విశ్వామిత్రుడి బాకీ ముట్టాక అతని దారి అతనిది. కాట్లో హరిశ్చంద్రుణ్ణి పిలవాల్సి వస్తే కాటి యజమాని వీరబాహుడు పిలవాలి, లేదా చంద్రమతి.

రెండోది, పాడబోయిన పద్యాలు ఏవి? కాటి సీను అనగానే జనం అడిగేవి గుర్రం జాషువా గారి ‘శ్మశానవాటి’లోవి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన నాటకంలో అవి లేవు, తర్వాత నటులు కలుపుకున్నారు. వన్స్ మోర్లు మాత్రం వాటికే పడతాయి. అవి ఏ శవం ముందైనా పాడవచ్చు. లోహితాస్యుడి మీద ఏడ్చే పద్యాలైతే తప్పు. అవి తండ్రి కొడుకు కోసం ఏడ్చేవి, ఇక్కడ పోయింది తండ్రి.

పాలమూరు గాలి:
ఆయన ఆత్మకు శాంతి కలగాలి. చిన్నప్పుడు మా ఊళ్లో చూశాను. భార్యను అమ్మే ఘట్టంలో మా నాయనమ్మ లేచి వేదిక మీదికి పది రూపాయలు విసిరి ‘అమ్మకు బిడ్డా’ అంది.

ముక్కుసూటి:
కొడుకు చేసింది నూటికి నూరు పాళ్లు సరైనది. మా నాన్న పోయినప్పుడు భజన మండలి వాళ్లు మైకు పెట్టి తెల్లవార్లూ పాడారు. అమ్మ పక్కగదిలో ఏడుస్తుంటే ఆ మైకు మోతలో ఎవరికీ వినిపించలేదు. పైగా లేచేటప్పుడు సంభావన అడిగారు. చావింట్లో కళాసేవ చేస్తామనే వాళ్లను గుమ్మం దగ్గరే ఆపాలి.

డిండి గట్టు:
డప్పు కొట్టవచ్చు, రామభజన చేయవచ్చు, పద్యం మాత్రం పాడకూడదా? సంభావన ఎవరు అడిగారండీ? పెట్టెను ఆటోలో తెచ్చిన కిరాయి కూడా మేమే పెట్టుకున్నాం.

పెట్టె మాస్టారు:
ఆటోలో తెస్తే రీడ్లు కదులుతాయి. ఒళ్లో పెట్టుకొని తేవాలి.

ముక్కుసూటి:
‘మేమే’ అంటే? మీరు చూడటానికి వెళ్లారా, నాటకం ఆడటానికి వెళ్లారా? ఇద్దరు ముగ్గురు ఫోన్లు ఎత్తి పట్టుకున్న వీడియో నేనూ చూశాను. ఆయన పక్షవాతంతో రెండేళ్లు మంచంలో ఉన్నప్పుడు ఈ ఫోన్లు, ఈ పెట్టె ఎక్కడున్నాయి?

డిండి గట్టు:
అడగడానికి మీరెవరు? మీది ఆ ఊరు కూడా కాదు. ఆ మనిషి పక్కన తెల్లవారుజాము నాలుగింటికి ముఖాన రంగు కారిపోతూ నిలబడితే తెలుస్తుంది. మీలాంటి వాళ్లకు నాటకమంటే భజన మైకు!

పెట్టె మాస్టారు:
ఒక సందేహం. వీడియో నేనూ చూశాను. నక్షత్రకుడు చెవిలో ఏదో అన్నాడు గాని మాట వినబడదు, డప్పు మోత. ‘తెర లేచింది, రండి’ అన్నట్టు మీకెలా తెలిసింది?

ముక్కుసూటి:
అదీ ప్రశ్న.

ఇంటి ఆడబిడ్డ:
ఆయన కూతుర్ని. అన్న పద్యం మీద కోపంతో పెట్టె మూయలేదు. వాగు ఒడ్డున మాకు రెండెకరాలు ఉండేది. ఒక ఎకరం పరదాలకు, అద్దె డ్రెస్సులకు, ఆంధ్ర నుంచి వచ్చే చంద్రమతికి పోయింది. దాని గురించి ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ మాట అనలేదు. రెండోది నక్షత్రకుడి అప్పుకు నాన్న జామీను ఉండటం వల్ల పోయింది. ఆయన కట్టలేదు, నాన్న కట్టాడు. ఆ ఏడే అన్న ఇంటర్ ఆపి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లాడు. ఆ నోటితో ‘మహారాజా’ అన్న పిలుపు వినేసరికి అన్నకు ఒళ్లు మండింది.

2016లో జిల్లా మారాక, కళాకారుల పింఛనుకు పాత మహబూబ్‌నగర్ చిరునామా పనికిరాదన్నారు. కాగితాలు పట్టుకొని నాన్నతో తిరిగింది కూడా అన్నే. బృందంలో ఒక్కరూ రాలేదు.

పాలమూరు గాలి:
అయ్యో తల్లీ.

డిండి గట్టు:
పిలిచింది నేనే. ఇంత దూరం వచ్చాక దాచడం ఎందుకు? అప్పు నిజం. ముప్పై వేలు, వడ్డీతో పెరిగింది. రెండేళ్లు మీ వాకిలి తొక్కకపోవడానికి కారణం అదే. మీ అన్న ముఖం చూడలేక రాలేదు. నాన్న మాత్రం ఒక్కనాడూ అడగలేదమ్మా. వేదిక మీద నేను ఆయన్ను బాకీ కోసం పీడిస్తుంటే, ఒకసారి తెర వెనక నవ్వి, ‘నీకు ఈ వేషం బాగా కుదిరిందిరా’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తప్పు మీ అన్నదని రాశాను. ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. పిలుపు మాత్రం తీసుకోను.

ముక్కుసూటి:
బాకీ?

డిండి గట్టు:
పత్తి అమ్మాక.

ఇంటి ఆడబిడ్డ:
బాకీ సంగతి అన్నతో మాట్లాడుకోండి. నేను వచ్చింది వేరే పని మీద. పెట్టె మూసిన రోజు నుంచి అమ్మ అన్నతో మాట్లాడటం లేదు. ‘రెండు పద్యాలకు అడ్డం పడ్డాడు’ అంటోంది. పెద్దకర్మ బుధవారం. పెట్టె పంపించమంది. మీరు రావచ్చో లేదో అన్నను అడగలేదు, అడిగితే ఏమంటాడో నాకూ తెలియదు.

పెట్టె మాస్టారు:
పెట్టె నేను తెస్తాను, మాది కల్వకుర్తి. బస్సులో ఒళ్లో పెట్టుకొని వస్తాను. ఆయన ఏ శ్రుతిలో పాడేవారు?

డిండి గట్టు:
ఒకటిన్నర. చివరి రోజుల్లో ఒకటి.