అమ్మకి కింది పళ్ళు కదులుతున్నాయి, గార తీయించొచ్చా?

వంశధార, సోంపేట:
మా అమ్మకి 56 ఏళ్ళు. షుగరు ఉంది, బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటోంది. పళ్ళు తోముకుంటే రక్తం, నోరు వాసన. కింది ముందుపళ్ళు రెండు వేలితో తోస్తే కదులుతున్నాయి, వాటి వెనక గార రాయిలా పేరుకుపోయింది. "మిషన్ పెట్టి గీకిస్తే ఉన్న పళ్ళూ ఊడిపోతాయి" అని వీధిలో అందరూ భయపెడుతున్నారు. చాన్నాళ్ళు అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగింది, ఇప్పుడు రోజుకో చుట్ట. ఏటి చెయ్యమంటారు?

నాగావళి:
తీయించండి, ఆలస్యం చెయ్యకండి. పళ్ళు కదలడానికి కారణం మిషన్ కాదు, గార కింద కరిగిపోయిన ఎముక. పాచి రెండు మూడు రోజులు అలాగే ఉంటే లాలాజలంలోని కాల్షియంతో గట్టిపడడం మొదలవుతుంది. లాలాజలం నాలుక కింద ఊరుతుంది కాబట్టి కింది ముందుపళ్ళ వెనకే గార ఎక్కువ. చిగురు వాచి రక్తం వచ్చే దశలోనే పట్టుకుంటే పూర్తిగా మానుతుంది. ఎముక దాకా దిగితే పోయింది చాలావరకు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. ఎముక తగ్గిన పళ్ళని కొన్నాళ్ళు గారే ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. అది తీయగానే ముందునుంచీ ఉన్న కదలిక బయటపడుతుంది, అందుకే ఆ అపవాదు. చిగురు వాపు తగ్గి వేరు కనపడితే కొన్ని రోజులు చల్లనీళ్ళకి జివ్వుమంటుంది.

డాక్టరు గీతలున్న సన్నపుల్లతో ప్రతి పన్ను చుట్టూ చిగురు లోతు కొలవాలి. 3 మి.మీ. వరకు మామూలే. 5, 6 ఉన్నచోట మత్తు సూది ఇచ్చి వేరు మీద గార కూడా తీస్తారు. రెండు మూడు నెలలకి మళ్ళీ కొలిపించి, లోతు తగ్గకపోతే అప్పుడు చిగురు ఆపరేషన్ మాట. కొలవకుండా పైపైన మెరుగుపెట్టి పంపేస్తే అది వైద్యం కాదు.

చంపావతి, విజయనగరం:
ఆమ్లోడిపిన్ కొందరిలో చిగురు ఉబ్బేలా చేస్తుంది. మీరుగా ఆపకండి, బీపీ డాక్టరుకి చెప్పండి. పొగ తాగేవాళ్ళకి రక్తం తక్కువ వస్తుంది, అంతమాత్రాన జబ్బు తక్కువని కాదు. అడ్డపొగ అన్నారు గనక అంగిలి తప్పకుండా చూపించండి. తెల్లగా మందమైన చర్మం, మధ్యలో ఎర్రచుక్కలు, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే క్యాన్సరేమో అని ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. ఇంకొకటి, మీది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించకుండా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పిమాత్రలు వేయకండి. నొప్పికి పారాసిటమాల్ అడగండి.

నాగావళి:
ఇంట్లో తోమడం సరిగ్గా లేకపోతే పైవన్నీ వృథా. మెత్తటి బ్రష్. కుచ్చు సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద పడేలా ఏటవాలుగా ఆనించి, రెండేసి పళ్ళకి పది పదిహేనుసార్లు చిన్నగా కదపాలి. కింది ముందుపళ్ళ వెనక బ్రష్ నిలువుగా పట్టాలి, వేపపుల్ల అక్కడికి అందదు. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. సందుల్లోకి సరిగ్గా పట్టే సన్నబ్రష్, బలవంతంగా దూర్చకూడదు. రక్తం వచ్చిన చోటే చాలామంది తోమడం మానేస్తారు, అక్కడే జబ్బు ముదురుతుంది. బొగ్గు, ఉప్పుతో రుద్దితే వేరు మొదలు అరిగిపోతుంది. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మందు 10 మి.లీ., నిమిషం పుక్కిలింత, పేస్టు వాడిన అరగంట తర్వాత. రెండు వారాలు మించితే పళ్ళు గోధుమరంగు పడతాయి. గార కిందికి అది ఎలాగూ వెళ్ళదు.

వంశధార:
మూడు నెలల షుగరు పరీక్షలో 9 వచ్చింది. ముందు అది దిగాలా?

చంపావతి:
గార తీయడానికి ఆగక్కర్లేదు. ఆపరేషనైతే దిగేదాకా ఆపుతారు. చిగుళ్ళు బాగుపడితే షుగరు కూడా మూడు నాలుగు నెలల్లో కొంత దిగుతుంది. పొద్దుటి టైము తీసుకుని, టిఫిన్ తిని, మాత్ర వేసుకుని వెళ్ళమనండి. ఈలోగా చీము, దవడ వాపు, జ్వరం, మింగడం కష్టం వస్తే మాత్రం అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.