ఐదో తరగతి పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులో ఏం రాయమంటారు?

ఐదో తరగతి టీచరు, చిత్తూరు | 2025 ఏప్రిల్ 16

అందరికీ వందనాలు. మాది చిత్తూరులో ఒక మిషన్ బడి. ఒకటి నుంచి ఐదు వరకే ఉంది. ఈ నెల 23 చివరి పనిదినం. మధ్యలో గుడ్ ఫ్రైడే, ఆదివారం ఈస్టర్. ఒంటిపూట బడి కాబట్టి నాకు మిగిలింది ఐదు పూటలు.

ముప్పై ఒక్క కార్డుల్లో ముప్పై రాసేశాను. "బాగా చదువుతాడు", "చేతిరాత మెరుగుపడాలి", "అల్లరి తగ్గించుకోవాలి". ఏటా రాసేవే, చెయ్యి దానంతటదే రాసుకుపోతుంది. ఒక్క కార్డు మాత్రం మూడు రోజులుగా నా బ్యాగులోనే తిరుగుతోంది.

ఆ పిల్లాడి ఇంట్లో తమిళం మాట్లాడతారు. వాళ్ళమ్మది గుడియాత్తం వైపు, నాయన బెల్లం మండీలో హమాలీ. వాళ్ళు మా చర్చి సంఘం వాళ్ళు కాదు, గంగమ్మ జాతరకి పొంగలి పెట్టే ఇల్లు. మా బడిలో సగం మంది అలాంటి ఇళ్ళ పిల్లలే. పొద్దున ప్రార్థనలో వాళ్ళ గొంతే ముందు వినపడుతుంది, అది వేరే సంగతి.

వీడికి ఒకసారి వింటే చాలు, ఏదైనా వచ్చేస్తుంది. 121వ కీర్తన ఎనిమిది వచనాలూ తడుముకోకుండా చెప్తాడు. డిసెంబర్లో కంఠత వాక్యాల పోటీలో మొదటి బహుమతి వాడికే. ఆ టిఫిన్ బాక్స్ ఇచ్చింది నేనే. క్రిస్మస్ నాటికలో గొల్లవాడి వేషం వేశాడు. జ్ఞానుల వేషం వేసినోళ్ళు మాటలు మర్చిపోతే పక్కనుంచి అందించింది కూడా వీడే. ఇలాంటి పిల్లాడి గురించి ఏ టీచరుకి అనుమానం వస్తుంది చెప్పండి?

ఫిబ్రవరిలో ఒకరోజు పరిసరాల విజ్ఞానం పాఠం చదవమన్నాను. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు కదా. వీడు తెలుగు పాఠం గడగడా చదువుతున్నాడు. వేలు మాత్రం ఇంగ్లీషు పేజీ మీద నడుస్తోంది.

ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత కడుపులో తిప్పినట్టయింది. పిల్లలందరూ ఇంటికి పోయాక వాణ్ణి ఆపి బోర్డు మీద "ప్రార్థన" అని రాశాను. రోజూ పొద్దున పలికే మాటే. చాలాసేపు చూసి "పాఠశాల" అన్నాడు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించాడన్నమాట.

తప్పు వాడిది కాదు. తరగతిలో ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వినడం, నేను చదివితే అందరూ అనడం, నా పద్ధతే అది. వాడికి పుస్తకంతో అవసరమే లేకుండా నేనే నడిపించాను. పైగా బహుమతి ఇచ్చాను. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టుల్లో ఉన్నవాళ్ళు 2021 తర్వాత ప్రభుత్వ బడులకి వెళ్ళిపోయాక రెండు తరగతులు ఒక్కదాన్నే చూస్తున్నాను. అది సాకు కిందే లెక్క, నాకు తెలుసు.

అప్పట్నుంచి అన్నం తిన్నాక రోజూ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాను. గుణింతాలు వచ్చాయి. ఒత్తుల దగ్గర ఆగిపోయాం. మార్చి 15 నుంచి ఒంటిపూట బడి. పన్నెండున్నరకల్లా వాళ్ళవ్వ గొడుగేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఆమెని ఎండలో ఎంతసేపు నిలబెట్టను?

మొన్న వాళ్ళమ్మ వచ్చి, "ఇంకో సంవత్సరం ఇక్కడే పెట్టుకోండమ్మా. పెద్ద బడిలో వీణ్ణి ఎవురూ కానుకోరు" అంది. నాకు జవాబు రాలేదు. ఆపొచ్చా? ఆపలేకపోతే కార్డులో ఏం రాయాలి? ఉన్నది రాస్తే ఆరో తరగతి టీచరు మొదటిరోజే వాణ్ణి వెనక బెంచీకి పంపిస్తారని భయం. రాయకపోతే నేను చేసిన మోసమే ఇంకో ఏడు సాగుతుంది.

రిటైర్డ్ హెడ్మాస్టర్, పలమనేరు

అమ్మా, ఆపే అధికారం మీకు లేదు. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ఒకసారి చూడండి. 2019లో దాన్ని సవరించి, ఐదులోనూ ఎనిమిదిలోనూ ఆపొచ్చా లేదా అనేది రాష్ట్రాలకి వదిలారు. అలా ఆపాలన్నా ముందు విడిగా పాఠాలు చెప్పి, రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెట్టాలి. ఒక టీచరు, ఒక తల్లి మాట్లాడుకుని తేల్చే విషయం కాదు. ఆ తల్లికి సున్నితంగా చెప్పండి.

రిమార్కు సంగతి. "వెనుకబడి ఉన్నాడు" అని మాత్రం రాయొద్దు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆ మాట వల్ల ఒక్క పిల్లాడు ముందుకి రావడం నేను చూడలేదు. ఏం వచ్చో రాయండి, ఎక్కడ ఆగాడో రాయండి, రెండే వాక్యాలు. జూన్ 12న బడులు తెరవగానే మీరే ఆ హైస్కూలుకి నడిచి వెళ్ళి ఆరో తరగతి తెలుగు మాస్టారుతో మాట్లాడండి. కార్డులో రాసింది ఎవరూ చదవరు, మనిషి వచ్చి చెప్తే వింటారు.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. నేనూ మిషన్ బడిలో చదివినవాణ్ణే. 1853లో స్కడర్ అన్నదమ్ములు ముగ్గురు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్ ఈ చుట్టుపక్కల ఎంత పని చేసిందో తెలుసు. అసలు ప్రొటెస్టెంట్ మిషనరీలు ఊళ్ళలో బడులు పెట్టిందే ప్రతివాడూ బైబిలు సొంతంగా చదువుకోవాలని. మీరేమో పిల్లలచేత బట్టీ పట్టించి టిఫిన్ బాక్సులు ఇస్తున్నారు.

ఒక అమ్మ, తిరుపతి

టీచర్ గారూ, మా పాప కూడా ఇలాగే ఉండేది, నాలుగో తరగతి దాకా ఎవరికీ తెలియలేదు. కథలు చెప్పమంటే మొత్తం చెప్పేది. చదవమంటే తలనొప్పి అనేది. నేను బద్ధకం అనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను, ఇప్పటికీ గుర్తొస్తే ఏడుపొస్తుంది.

ముందు కళ్ళు, చెవులు చూపించమనండి. అవి బాగుంటే డిస్లెక్సియా, అంటే అక్షరాలు పట్టుకుని చదవడంలో ఇబ్బంది, ఉందేమో పరీక్ష చేయించాలి. తెలివి లేకపోవడం కాదది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నేర్చుకునే ఇబ్బందుల్ని కూడా చేర్చారు. మీ మండలంలో ఇలాంటి పిల్లల కోసం సమగ్ర శిక్ష (ప్రభుత్వ విద్యా పథకం) వాళ్ళ భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి టీచరుని అడిగితే దారి చెప్తారు. చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరం, గంట ప్రయాణం. మేం అక్కడి సీఎంసీ ఆసుపత్రికే వెళ్ళాం. అక్కడ తమిళంలో మాట్లాడతారు కాబట్టి వాళ్ళమ్మకి ఇంకా సులువు.

అయితే పిల్లాడికి జబ్బు ఉందేమో అన్నట్టు మాత్రం చెప్పకండి. మాకు మొదట అలాగే చెప్పారు, మా అత్తగారు వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

పల్లె బడి మాస్టారు, మదనపల్లె దగ్గర

మేడమ్, మాకు దగ్గర్లోనే రిషి వ్యాలీ బడి. వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం చేసిన కార్డుల పద్ధతిలో నేను కొన్నాళ్ళు పనిచేశాను. అందులో తరగతి అంతా ఒకే పాఠం మీద ఉండదు. ప్రతి పిల్లాడికీ తన మెట్టు ఉంటుంది, తన కార్డు తనే తీసుకుంటాడు. పక్కవాడిది విని చెప్పడానికి కుదరదు, ఎందుకంటే పక్కవాడి దగ్గర ఉన్నది వేరే కార్డు. ఒక్క టీచరు రెండు మూడు తరగతులు చూసే బడులకే అది బాగా పనికొస్తుంది. మీరు చెప్పిన ఇబ్బంది అదే కదా. ఈ ఐదు పూటల్లో కుదరదు, వచ్చే ఏటికి ఆలోచించండి. పాత అట్టపెట్టెలు కత్తిరించి మనమే చేసుకోవచ్చు.

బస్సు కండక్టర్, తిరుపతి

టీచరక్కా, పెద్దాయన మాట పట్టించుకోవద్దు. బట్టీని అంత తీసిపారెయ్యకండి సార్, నేను దానివల్లనే బతికినా.

నేను కూడా మిషన్ బడిలోనే చదివినా, సత్యవేడు దగ్గర. ఆరో తరగతికి పోయేదాకా నాకు కూడా చదవను రాదు. వీడి మాదిరే, విని చెప్పేసేవాణ్ణి. ఆదివారం బడిలో ఒక ముసలి అయ్యవారు ఉండేవాడు. ఆయన కనిపెట్టేసినాడు. నన్నేమీ అనలేదు. నాకు బాగా వచ్చిన కీర్తన తీసి నా ముందర పెట్టి, "నోటితో చెప్పు, కానీ నోరు వేలికన్నా ముందు పోకూడదు" అన్నాడు. అంతే. ఒక్కో మాట కింద వేలు పెట్టాలి, ఆ మాట అనాలి, ఆ తర్వాతే ఇంకో మాటకి పోవాలి. ముందే పోతే మళ్ళీ మొదట్నుంచి. నాలుగు రోజులకి నాకు తిక్క లేసింది. పదో రోజుకి ఒక మాట రెండు చోట్ల ఉంటే ఒకే మాదిరి ఉందే అని తెలిసొచ్చింది.

కొత్త పాఠమైతే వాడికి అక్షరం తెలీదు, మాటా తెలీదు. వచ్చిన కీర్తనైతే మాట ముందే తెలుసు, అక్షరం ఒక్కటే పట్టుకోవాల. సగం పని అయిపోయినట్టే కదక్కా. మీ దగ్గర ఐదు పూటలుండాయి. ఒకసారి చూడండి.

ఇప్పుడు రోజూ టికెట్ మిషన్ మీద చదువుతానే ఉండా. ఊళ్ళ పేర్లు అన్నీ కంఠత వచ్చినా చూసే కొడతా. అలవాటు పోలేదు.

సండే స్కూల్ టీచర్, పుత్తూరు

కండక్టర్ బ్రదర్ చెప్పింది బాగుంది. సిస్టర్, బడి మూసినా వీబీఎస్, అదే చర్చిలో పెట్టే వేసవి సెలవుల బైబిల్ బడి, ఉంటుంది కదా. మా దగ్గర మే మొదటి వారంలో పెడుతున్నాం, బిస్కెట్లు, రస్నా, యాక్షన్ పాటలు, అన్నీ ఉంటాయి. మీ సంఘంలో పెట్టినప్పుడు వాణ్ణి పిలిపించండి. పది రోజులు దొరుకుతాయి. పాటల చార్టు వాడి చేత పట్టించండి. పాడుతూ వేలు పెట్టాలి కాబట్టి తప్పించుకోలేడు.

ఐదో తరగతి టీచరు, చిత్తూరు | ఏప్రిల్ 24

అందరికీ థాంక్స్. పెద్దాయన మాట రెండు రోజులు గుచ్చుకుంది. నిజమే కాబట్టి గుచ్చుకుంది. నాకే ప్రోగ్రెస్ కార్డు రాసినట్టయింది, సార్.

కండక్టర్ తమ్ముడు చెప్పిన మర్నాడే మొదలుపెట్టాను. 121వ కీర్తన పెద్ద అక్షరాలతో చార్టు మీద రాశాను. అవ్వని ఎండలోంచి పిలిచి మా వరండాలో బెంచీ వేశాను, ఇన్నాళ్ళు ఈ ముక్క నాకెందుకు తట్టలేదో. మొదటి పూట వాడు వేలు ఒక చోట, నోరు ఇంకో చోట. రెండో పూట విసుగొచ్చి వేలు చార్టు మీద టపటపా కొట్టాడు. సోమవారం ఒక ఆట పెట్టాను. ఈ కీర్తనలో "కాపాడు" అనే మాట ఆరుసార్లు ఉంది, వెతుకు అన్నాను. మనసులో చెప్పుకుంటూ, వేలు జరుపుకుంటూ ఐదు పట్టుకున్నాడు. ఆరోది అని "అపాయము" మీద వేలు పెట్టాడు. తప్పన్నాను. ఒప్పుకోలేదు. "ఇది కూడా ఉందే టీచర్" అని "పా" చూపించాడు. నేను ఏమీ అనలేకపోయాను. వాడు ఆ రోజు అక్షరాన్ని చూశాడు, మాటని కాదు.

ఆ రోజే పోప్ ఫ్రాన్సిస్ పోయారని కబురు. మర్నాడు ప్రార్థనలో చెప్పాం, పిల్లలు రెండు నిమిషాలు నిలబడ్డారు. "ఆయన మన పాస్టరా?" అని ఒకడు అడిగాడు. చివరి రోజు సగం పిల్లలు రాలేదు. అదే రోజు పొద్దున పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయి, అక్కలవి అన్నలవి మార్కులు చూసుకోడానికి ఇళ్ళలోనే ఉండిపోయారు. ముగింపు సభ పావుగంటలో అయిపోయింది. ప్రతి ఏడూ ఫొటో దిగేటప్పుడు ఏడుస్తాను, ఈసారి ఏడవలేదు, ఎందుకో.

వీడు వచ్చాడు. అవ్వ, అమ్మ ఇద్దరూ వచ్చారు. ఆపడం కుదరదని వాళ్ళమ్మకి చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది. మేలో వీబీఎస్‌కి పంపమన్నాను, వేలూరు సంగతి కూడా చెప్పాను. "నాయన్ని అడిగి చెప్తా" అంది. జూన్ 12న హైస్కూలుకి నేనూ వస్తానంటే మాత్రం, "మీరు వస్తారా?" అని రెండుసార్లు అడిగింది.

కార్డులో ఇలా రాశాను: "విన్నది మరవడు. గుణింతాలు చదువుతాడు. ఒత్తులు రావాలి. తెలిసిన పాఠమైనా వేలు పెట్టి చదివించండి." వాళ్ళమ్మకి చదవడం రాదు. "ఏం రాసిండారో మీరే చెప్పండమ్మా" అంటే పైకి చదివి వినిపించాను. వాడు పక్కనే నిలబడి గోడకి కాలు తన్నుతూ ఉన్నాడు.

వాళ్ళు వెళ్ళాక తాళాలు తీసుకుని బయటికి వచ్చేసరికి, గేటు దగ్గర వాడు అవ్వకి ఆ కార్డు చదివి వినిపిస్తున్నాడు. నాలుగు వాక్యాలూ, నా గొంతుతోనే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి. వేలు కార్డు మీదే ఉంది. సరైన మాట కిందే ఉందో లేదో అంత దూరం నుంచి నాకు కనపడలేదు.