శకుంతలా, సకొంతలా?

కోనసీమ గాలి: అమ్మాయి తొమ్మిదో తరగతి. అమలాపురంలో ఇంట్లోనే ఆన్‌లైన్‌లో జర్మన్ నేర్చుకుంటోంది, ఏ1 స్థాయి, అంటే మొదటి మెట్టు. నిన్న పాఠం చివర వాళ్ళ టీచరు సరదాకు శకుంతల మీద జర్మన్ కవి గొయ్‌థె రాసిన నాలుగు పాదాల్లో చివరిది పలికించారట. "నెన్ ఇష్ సకొంతల డిష్, ఉంట్ సో ఇస్ట్ ఆలెస్ గెజాగ్ట్." శకుంతలా, నీ పేరు తలిస్తే చాలు, అంతా చెప్పినట్టే అని. దీని ముందు పాదం ఎప్పుడో తెలుగులో చదివాను. ఆకాశం, భూమి అని ఉంటుంది. మిగతాది నాలుక మీద ఆడుతోంది గాని రావడం లేదు. ఎవరికైనా గుర్తుందా? పనిలో పనిగా, ఆ 'కొ' ఎక్కడిది?

గౌతమి గట్టు: 'కొ' జర్మనులది కాదండీ. బ్రిటిష్ జడ్జి విలియం జోన్స్ 1789లో కలకత్తాలో కాళిదాసు శాకుంతలాన్ని ఇంగ్లీషు చేసినప్పుడే 'సకొంతల' అని రాశాడు. ఫోర్‌స్టర్ అనే జర్మన్ రచయిత 1791లో దాన్నే జర్మనులోకి మార్చాడు. గొయ్‌థె చదివింది అదే. జోన్స్ చెవిలో పడింది బెంగాలీ ఉచ్చారణ మరి!

ప్రాసయతి: అదే అయితే 'శొకున్‌తొలా' కావాలి. బెంగాలీలు అకారాన్ని ఒకారం చేస్తారు, ఉకారం జోలికి పోరు. మారాల్సిన అక్షరాలు మారలేదు, మారకూడనిది మారింది. బెంగాలీ మీద నెట్టేయకండి.

గౌతమి గట్టు: ఛందస్సు కోసం గొయ్‌థె అయినా సరిచేసి ఉండవచ్చు కదా?

ప్రాసయతి: 'కుం' అయినా 'కొం' అయినా గురువే మాస్టారూ, ఛందస్సుకు ఏ లోటూ లేదు. అసలు విశేషం చివరి 'ల'లో ఉంది. పాదాన్ని విరిచి చూడండి: నెన్ ఇష్ స, కొంతల, డిష్. వాళ్ళ డాక్టిల్ (ఒక బరువైన అక్షరం, రెండు తేలికవి) మన భగణమే. సంస్కృతంలో 'శకుంతలా' దీర్ఘాంతం కాబట్టి అక్కడ ఇమడదు. తెలుగు 'శకుంతల' అచ్చంగా సరిపోతుంది. గొయ్‌థెకు తెలియకుండానే తెలుగు శకుంతల వెళ్ళి కూర్చుంది.

లంకగ్రామం: భగణమని ముద్ర వేసేముందు రెండో సగం కూడా విరవండి. 'ఉంట్ సో ఇస్ట్' మన లెక్కలో మూడూ గురువులే. వాళ్ళది ఊనిక లెక్క, అంటే ఏ అక్షరం నొక్కి పలుకుతారన్నది; మనది మాత్రల లెక్క. ఊనిక లెక్కలో చివరి 'ల' దీర్ఘమైనా ఇబ్బంది లేదు. పాపకు గణాలు నేర్పి పరీక్షలో మార్కులు పోగొట్టకండి.

ప్రాసయతి: గురువు ఉండాల్సిన చోట ఊనిక ఉందన్నాను, అంతే.

గౌతమి గట్టు: ఈ గొడవంతా ఎందుకు? రాజమహేంద్రవరంలో నన్నయ శకుంతలను పెట్టుకుని ఎక్కడికో పోతున్నాం. "నుతజలపూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృతవ్రత యొక బావి మేలు" ముందు గొయ్‌థె నాలుగు పాదాలూ దిగదుడుపే. మంచినీటి నూతులు నూరింటి కంటే వ్రతనిష్ఠ గల బావి ఒక్కటి చాలునట!

లంకగ్రామం: బావికి వ్రతమేమిటండీ! 'సూనృత' దగ్గర పాదం తెగి, 'వ్రత' కింది పాదంలో పడింది. బడిలో 'వ్రత యొక బావి' అని కలిపి వల్లించినందువల్ల వచ్చిన తంటా ఇది. అది సంబోధన. ఓ సత్యవ్రతుడా అని.

గౌతమి గట్టు: సంబోధనైతే 'వ్రతా' అని దీర్ఘం ఉండవద్దా?

లంకగ్రామం: సంస్కృత సంబోధన, హ్రస్వమే. పైగా ఎవరిని పిలుస్తోంది? నువ్వెవరో తెలియదని నిండు సభలో బొంకిన దుష్యంతుణ్ణి. సూనృతవాక్యమే అన్నిటికంటె మేలని పద్యం చివర చెప్పబోతూ, మొదటే అతణ్ణి 'సూనృతవ్రత' అని పిలిచింది. ఎంత దెప్పు! ఇది వదిలి 'కొ' పట్టుకుని వేలాడుతున్నాం.

ప్రాసయతి: ఆ దెప్పు జర్మనులో ఎలా వస్తుందో పాపను టీచరుగారిని అడగమనండి.

కోనసీమ గాలి: ముందు ఏ1 గట్టెక్కనివ్వండి. ఇంతకీ ఆకాశం, భూమి పాదం...