1975 కంట్రీ నంబర్ వన్ పాట: ఒరిజినల్ రికార్డింగ్‌ని గుర్తుపట్టేదెలా?

1975లో అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే కంట్రీ (అక్కడి పల్లె బాణీ సంగీతం) హిట్ పాటల చార్టులో నంబర్ వన్‌కి వచ్చిన పాటలన్నీ వరుసగా ఒక ప్లేలిస్టులో పెడుతున్నాను. అప్పట్లో హిట్టయిన రికార్డింగే కావాలి, తర్వాత మళ్లీ పాడినది వద్దు.

గ్లెన్ క్యాంప్‌బెల్ 'రైన్‌స్టోన్ కౌబాయ్', విల్లీ నెల్సన్ 'బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ద రెయిన్' సులువుగానే దొరికాయి. జాన్ డెన్వర్ 'థాంక్ గాడ్ ఐయామ్ ఎ కంట్రీ బాయ్' కాస్త తిప్పలు పెట్టింది. నంబర్ వన్ అయింది 1974 ఆల్బంలోని స్టూడియో పాట కాదు, కచేరీలో పాడిన లైవ్ వెర్షన్. జనం చప్పట్లు వినిపిస్తాయి కాబట్టి తేలిపోయింది.

చిక్కంతా ఫ్రెడ్డీ ఫెండర్ 'బిఫోర్ ద నెక్స్ట్ టియర్‌డ్రాప్ ఫాల్స్' దగ్గరే. యాప్‌లో వచ్చేవన్నీ 'గ్రేటెస్ట్ హిట్స్' సంకలనాలు. సంవత్సరం చూస్తే ఆ సంకలనం విడుదలైనదే వేస్తున్నారు. 'రీ-రికార్డెడ్' అని రాసి ఉన్నవి తీసేశాను, అయినా పేరులో ఏమీ రాయనివి చాలానే మిగిలాయి. పాటను గుర్తుపట్టే యాప్ పెట్టి చూస్తే అన్నిటికీ ఒకటే పేరు చెబుతోంది. స్పానిష్‌లో పాడే భాగం అన్నిట్లోనూ ఉంది, దాంతోనూ లాభం లేదు. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఒకదాంట్లో గొంతు కొంచెం బరువుగా, డ్రమ్స్ మరీ శుభ్రంగా ఉన్నాయి. అదే తర్వాతిదని నా అనుమానం, రుజువు మాత్రం లేదు. పాత రికార్డు కొని పోల్చుదామంటే ఇంట్లో ప్లేయర్ లేదు.

ఏబీసీ-డాట్ అనే రికార్డు కంపెనీ లేబుల్ మీద వచ్చిన ఆ ఒరిజినల్ సింగిల్‌ని (విడిగా విడుదలైన పాటని) వినికిడితో గానీ, యాప్‌లోని వివరాలతో గానీ కచ్చితంగా ఎలా గుర్తుపట్టాలి?